సుద్దక్క వేసిన అంకె

సుద్దక్క సుద్దముక్క పట్టుకుని చక్రం ముందు కూర్చుంటే దుకాణంలో సుత్తి చప్పుడు ఆగిపోయేది. ఆపమని ఆమె ఎవరినీ అడగలేదు. ఒకసారి ఆపనివాడు ఆమె నోటి ధాటి చూశాక, రెండోసారి తనంతట తానే ఆపేవాడు.

ఆ దుకాణంలో పని ఇది. రాళ్ళదారుల్లో, బురదలో, కొండల మీద తిరిగే లారీలకు కంపెనీ ఇచ్చిన చక్రాలు చాలవు, సన్నగా ఉంటాయి. వాటి ఇనుప రిమ్మును నడిమికి కోసి, మధ్యలో పట్టీ చేర్చి, వెడల్పు చేసి మళ్ళీ అతుకుతారు. అతికిన ఇనుము చల్లారేటప్పుడు ఎవరి మాటా వినదు. తనకు తోచిన వైపు లాక్కుంటుంది. అందుకే అతికిన చక్రం ఏదీ పూర్తిగా తిన్నగా తిరగదు. ఎంతో కొంత పక్కకు ఊగుతుంది. ఆ ఊగునే దుకాణాల్లో ఔటు అంటారు. ఔటు ఉందా అని అడిగేవాడికి పని తెలియదన్నమాట. ఎంత ఉంది, అంతవరకు ఒప్పుకోవచ్చా, అదీ అడగాల్సింది. ముప్పై ఏళ్ళపాటు ఆ మాటకు జవాబు చెప్పింది సుద్దక్క.

చెప్పే పద్ధతిలో గొప్ప ఏమీ కనపడదు. పాత ఇరుసు ముక్క ఒకటి నేలలో పాతి ఉంటుంది. చక్రాన్ని దానికి బిగించి చేత్తో తిప్పుతారు. ఆమె పీట మీద కూర్చుని, టైరు ఆనుకునే గట్టు దగ్గరికి సుద్దను మెల్లగా, వెంట్రుకవాసి చొప్పున జరుపుతుంది. వంకర ఉన్న చోట ఇనుము ముందుకొచ్చి సుద్దను ముద్దాడి పోతుంది. అక్కడ తెల్ల గీత పడుతుంది. జానెడు గీత పడితే వంకర అక్కడే. అప్పుడు ఒక మేకును ఆ చోటికి తగిలీ తగలనట్టు నిలబెట్టి, చక్రాన్ని తిప్పి, ఎదురు వైపు ఏర్పడ్డ సందులో సన్న రేకులు దూర్చి ఔటు ఎంతో లెక్క తేలుస్తుంది. ఒకవేళ తెల్లగీత ఎక్కడా తెగకుండా చుట్టూరా పడితే ఆ చక్రం తిన్నగా ఉన్నట్టే. రేకులతో పనే లేదు, అర వేయడమే.

తరవాత చక్రం లోపలి వైపు పసుపు రంగుతో అంకె వేస్తుంది. అర మిల్లీమీటరైతే అర. లేదంటే ఒకటి. మరీ అంటే ఒకటిన్నర. అది దాటితే అంకె ఉండదు, అడ్డగీత ఉంటుంది. చక్రం మళ్ళీ కోతకు పోవలసిందే.

"రెండుంటే ఏమవుతుందక్కా, మేం పోయేది రాళ్ళలో కదా, అక్కడ అంతా ఊపే," అని ఏ డ్రైవరైనా బేరం పెడితే, "రాళ్ళ ఊపు రాళ్ళది. దానికి నా చక్రం ఊపు కూడా కలిపి, నిన్ను మూటగట్టి నీ పెళ్ళానికి పంపించనా?" అనేది.

ఆ పని ఆమెకు తండ్రి నేర్పాడు. నాలుగో తరగతితో బడి మానిపించి, పదకొండో ఏట పీట మీద కూర్చోబెట్టాడు. కొడుకుకి చేతులు ఆగవు, కూతురికి ఆగుతాయి, అంతకంటే కారణం లేదు. తండ్రి ఇరుసు పక్కన ఒక ఇనుప చెయ్యి అతికి, దాని మీద తన మణికట్టు ఆన్చుకునేవాడు. తండ్రి పోయాక, ముప్పయ్యో ఏట, ఆమె తమ్ముడిని పిలిచి ఆ ఇనుప చెయ్యిని కోయించేసింది. "ముసలాళ్ళకు కావాలి ఊతం. నాకెందుకు?" అంది. నిజమే, అప్పట్లో ఆమె చెయ్యి ఆ ఇనుము కంటే కదలకుండా ఉండేది. దుకాణాల్లో ఆ కబురు పాకింది. చూడడానికి పక్క వీధుల నుంచి మేస్త్రీలు వచ్చి, నిలబడి, ఏమీ అనకుండా వెళ్ళేవారు. ఏమీ అనకపోవడమే ఆమెకు పెద్ద మెప్పు.

మధ్యలో పెళ్ళొకటి అయింది. రెండేళ్ళు ఉండి వచ్చేసింది. ఎందుకు వచ్చేశావని అడిగినవాళ్ళకు ఒకటే జవాబు. "ఆ ఇంటి ఔటు మూడు. నేను ఒకటిన్నర దాకానే ఒప్పుకుంటాను."

అప్పటి నుంచి దుకాణం మీది రెండు గదుల్లో తమ్ముడి సంసారంతోనే ఉండేది. తమ్ముడు మంచివాడే, అక్క ముందు కాస్త మెత్తన. మరదలు మెత్తన కాదు. వంటింటి గడపకు ఇవతల సుద్దక్క మాట, అవతల మరదలి మాట. ఆ సరిహద్దు ఇద్దరూ ఇరవై ఏళ్ళుగా కాపలా కాసుకున్నారు. దుకాణంలో పీట ఉన్నంత కాలం ఆడపడుచు ఆ ఇంట్లో తన తిండి తాను తింటున్నట్టు. పీట పోయిన రోజు గడప దాటి మరదలి చేతికింద కూరలు తరుక్కోవాలి. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఒక్కసారీ నోటితో అనుకోలేదు.

కిందటేడు చలికాలంలో టీ గ్లాసులో చెంచా టకటకమని కొట్టుకుంది.

"వదినా, చెయ్యి వణుకుతోందేంటి?" అంది మరదలు.

"గ్లాసు కాలుతోంది."

"కాలితే కింద పెడతారు కదా."

"నీకు తెలిసినన్ని సంగతులు నాకు తెలియవులే," అంది సుద్దక్క. ఆ రోజు నుంచి సగం గ్లాసే పోయించుకుంది, చెంచా అడగలేదు. పొద్దున చలి, మధ్యాహ్నం నిద్రలేమి, సాయంత్రం అలుపు. చేతికి ఏదో ఒక సాకు దొరుకుతూనే ఉంది. పీట మీద కూర్చున్నప్పుడు మాత్రం వణకదని ఆమె గట్టిగా నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది.

తమ్ముడికి ఒక్కతే కూతురు. రెండేళ్ళు పనిబడిలో వెల్డింగు నేర్చుకుని వచ్చి తండ్రి పక్కనే నిలబడింది. సుద్దక్క ఎత్తుకుని పెంచిన పిల్ల. ఆ పిల్ల ఒకరోజు చిన్న పెట్టె తెచ్చి మేనత్త ముందు విప్పింది.

"ఇదేంటే, గడియారమా?"

"డయల్ గేజి అత్తా. ఈ పుల్ల చక్రానికి తగిలిస్తే ముల్లు తిరుగుతుంది. మిల్లీమీటరులో నూరో వంతు కూడా చూపిస్తుంది."

"నూరో వంతు తెలుసుకుని ఏం చేస్తావు, చక్రానికి నగలు చేయిస్తావా?"

"నువ్వు చూశాక నేనొకసారి చూస్తే తప్పేంటి? రెండూ కలిస్తే నీకే మంచిది."

"కలవకపోతే?"

సుద్దక్క పెట్టెకు మూత వేసి పిల్ల చేతిలో పెట్టింది. "నేను అంకె వేసిన చక్రం మీద నీ గడియారం పెట్టిన పూట, ఈ పీట కూడా నువ్వే తీసుకో. నేను పోయి మీ అమ్మ దగ్గర కూరలు తరుక్కుంటా."

పిల్ల పెట్టెను గోడ మేకుకు తగిలించింది. తండ్రి విన్నాడు, విననట్టు వెల్డింగు అద్దం మొహానికి దించుకున్నాడు.

ఆ వారంలోనే కొండలకు బండి నడిపే డ్రైవరు ఒకతను నాలుగు చక్రాలకు చెప్పి వెళ్ళాడు. కొండల పైన బోర్లు తవ్వే చోటికి ఇనుప గొట్టాలు చేరవేసే లారీ అతనిది, అంటే యజమానిది, నడిపేది అతను. ఇరవై ఏళ్ళ పరిచయం. బట్టతల, పెద్ద గొంతు, వచ్చిన ప్రతిసారీ సుద్దక్కతో గిల్లికజ్జా.

"అక్కా, నీ అంకె లేకపోతే నాకు స్టీరింగు పట్టుకోబుద్ధి కాదు. పెళ్ళి చూపులప్పుడు కూడా నిన్ను తీసుకుపోయి ఉండాల్సింది."

"తీసుకుపోయి ఉంటే ఆ అమ్మాయికి నిన్ను వద్దని చెప్పేదాన్ని."

ఆ నాలుగు చక్రాలనూ తమ్ముడు రెండు రోజుల్లో అతికాడు. లారీ ఆగి ఉంటే యజమాని ఊరుకోడు. నాలుగోది చల్లారుతుండగా లోపల ఎక్కడో టిక్కుమని చప్పుడైంది. నట్లు పట్టే నడుమ పలక జరిగినప్పుడు వచ్చే చప్పుడు అది. తమ్ముడు విన్నాడు. ఎలాగూ అక్క చూస్తుంది కదా అనుకున్నాడు.

అక్క చూసింది. మొదటి చక్రానికి సుద్ద జరిపితే తెల్లగీత చుట్టూరా పడింది. అర. రెండోదానికీ చుట్టూరా. మూడోదానికీ. నాలుగోదానికీ అంతే. నాలుగింటి మీదా అర వేసి లేచింది. ముప్పై ఏళ్ళలో ఒకే బండికి నాలుగూ అర పడడం ఎప్పుడూ జరగలేదు.

"నాలుగూ అరేనా అక్కా?" అన్నాడు తమ్ముడు. మొహంలో బరువు దిగినట్టుంది.

"అతికిన వాడివి నువ్వు. చూసిన దాన్ని నేను. ఇక పడక ఏం చేస్తుంది?"

ఆ మాట అన్నప్పుడు ఆమెకు ఎంత హాయిగా ఉందంటే, అరగంట సేపు ఎవరినీ తిట్టలేదు. నాలుగో చక్రం తిరుగుతున్నప్పుడు ఊగు కంటికే తెలియాలి. ఆమె కళ్ళు సుద్ద కొస మీదే ఉన్నాయి. తమ్ముడు చూడలేదు. అక్క చూశాక ఇంకొకరు చూడడమనేది ఆ దుకాణంలో లేదు. మేనకోడలు మాత్రం మేకుకు తగిలించిన పెట్టె వైపు చూసి, మేనత్త వైపు చూసి, నట్లు సర్దుకోవడానికి వెళ్ళింది.

మర్నాడు పొద్దున ఏడింటికి చక్రాలు బిగించారు. బిగించడంలో ఏ లోపమూ లేదు. పిల్ల లారీ వైపు చక్రం ఆనే చోట తుప్పూ రంగూ గీకి శుభ్రం చేసింది, నట్లను ఎదురెదురుగా, ఒకటి ఇటు ఒకటి అటు బిగించింది. కొత్త చక్రాలకు యాభై కిలోమీటర్లు నడిచాక ఒకసారి, రాళ్ళదారి ఎక్కాక ఇంకొకసారి నట్లు మళ్ళీ బిగించాలి. అందుకని పిల్ల కూడా లారీలో బయల్దేరింది.

"పిల్ల జాగ్రత్త," అంది సుద్దక్క.

"నీ అంకెలున్న బండి అక్కా, ఊయల్లో పోయినట్టు పోతుంది," అన్నాడు డ్రైవరు.

పది గంటలకు ఎవరో ఒక రిమ్ము దించి వెళ్ళారు. రాయికి కొట్టుకుని వంగిన పాత రిమ్ము. బాగుచేయడానికి వస్తుందో పాత ఇనుముకు పోతుందో చెప్పమని. సుద్దక్క అలవాటు చొప్పున దాన్ని ఇరుసుకు బిగించి, తిప్పి, సుద్ద జరిపింది. తెల్లగీత చుట్టూరా పడింది.

అంకె వేయడానికి పసుపు రంగు అందుకుని తల ఎత్తింది. రిమ్ము ఇంకా తిరుగుతోంది. వీధిలో పోయేవాడికి కూడా కనపడేలా అటూ ఇటూ చిందులేస్తోంది.

ఆమె గీతను చూసింది. రిమ్మును చూసింది. తరవాత తన చేతిని చూసింది. రిమ్ము దూరంగా జరిగినప్పుడు కూడా సుద్ద కొస దాని వెంటే పోయి తగిలి వస్తోంది. వణికే చేతికి ప్రతి చక్రమూ తిన్నగానే ఉంటుంది.

ఇంకెవరైనా అయితే ఆ క్షణమే అరిచి తమ్ముడిని పిలిచేవారు. సుద్దక్క పిలవలేదు. లేచి మొహం కడుక్కుంది. మళ్ళీ కూర్చుని, ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని చూసింది. గీత చుట్టూరా పడింది. మోకాలికి ఆన్చి చూసింది. చుట్టూరా. కొత్త సుద్ద తీసింది. తుప్పు వల్లేమో అని రిమ్ము గట్టు గుడ్డతో తుడిచింది. పొద్దున ఏమీ తినలేదు, అందుకేమో అని పైకి వెళ్ళి మరదలు పెట్టింది మారు మాట లేకుండా తిని వచ్చింది. మరదలు అనుమానంగా చూసింది కూడా. మళ్ళీ కూర్చుంది. చుట్టూరా.

ఇవన్నీ అయ్యేసరికి గోడ గడియారంలో పదకొండు దాటి పది నిమిషాలైంది. తమ్ముడు పక్కనే, పది అడుగుల్లో, ఏదో అతుకుతూనే ఉన్నాడు. పిలవడానికి ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటతో పీట పోతుంది. ఆ గంటా పదినిమిషాలూ ఆమె తూకం వేసింది అదే. అంతకంటే గొప్ప కారణం వెతకనక్కరలేదు.

"ఒరేయ్," అంది చివరికి. "ఆ లారీని ఆపాలి."

తమ్ముడు అద్దం ఎత్తాడు. "ఏ లారీ?"

"నా చెయ్యి ఆగడం లేదురా. ఆ నాలుగూ నేను సరిగా చూడలేదు."

అతను ఆమె మొహం చూసి, ఇరుసు మీద రిమ్ము చూసి, అద్దం తీసి పక్కన పెట్టాడు. "నాలుగోది టిక్కుమంది అక్కా," అన్నాడు. "నువ్వు చూస్తావు కదా అని..." మాట మింగేసి ఫోను చేశాడు. డ్రైవరుది మోగలేదు. కూతురిది మోగలేదు. కొండ ఎక్కేశారు. పైన ఫోన్లు పనిచేయవు.

ఇద్దరూ వ్యానులో బయల్దేరారు. మట్టిరోడ్డు దగ్గర తమ్ముడు, "ఎప్పటి నుంచి?" అన్నాడు.

"తెలియదు."

"తెలియదంటే?"

"తెలియదంటే తెలియదు."

కొండదారిలో ఏడో మలుపు దగ్గర దారి నిండా ఇనుప గొట్టాలు చెల్లాచెదరై ఉన్నాయి. లారీ లోయ వైపు పక్కకు ఒరిగి, ఒక బండకు ఆనుకుని ఆగి ఉంది. ముందు ఎడమ చక్రం లేదు. పిల్ల రోడ్డు అంచున కూర్చుని ఉంది, ఒక చెయ్యి వేలాడుతోంది. డ్రైవరు తల ఆమె ఒడిలో ఉంది. అతనికి ఇక ఎవరి ఒడైనా ఒకటే.

పిల్ల ఏడవడం లేదు. మేనత్తను చూసి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"మట్టిరోడ్డు ఎక్కగానే స్టీరింగు కొట్టుకుంది అత్తా. దిగి చూద్దాం బాబాయ్ అన్నాను. 'సుద్దక్క అర వేసింది, అది రోడ్డు ఊపు' అన్నాడు. మళ్ళీ అడిగాను. మీ అత్తను అనుమానిస్తావా అన్నాడు. నట్లు మళ్ళీ బిగించడానికి ఆగాలనుకున్న చోటికి ఇంకా రెండు మలుపులుండగా చక్రం ఊడింది."

సుద్దక్క నిలబడే ఉంది.

"పదకొండు దాకా కొండ కిందే ఉన్నాం," అంది పిల్ల. "టీ తాగుతూ. అక్కడ ఫోను పనిచేసింది. అమ్మకు చేద్దామనుకుని, మళ్ళీ ఎందుకులే అనుకున్నాను."

పిల్లకు ఏమీ తెలియదు. తెలియకుండానే అంది. సుద్దక్క ఒక గొట్టం మీద కూలబడింది.

ఊడిన చక్రం పొదల్లో దొరికింది. మెత్తటి చోట పడింది, టైరు కూడా చెక్కు చెదరలేదు. లోపల పసుపు రంగు అర కొత్తగా మెరుస్తోంది. మర్నాడు చేతికి కట్టుతో పిల్ల దాన్ని ఇరుసుకు బిగించి, గేజి పెట్టి చూసింది. నాలుగు మిల్లీమీటర్లు. మిగతా మూడూ చూసింది. ఒకటిన్నర, రెండు, మూడు. ఒక్కటీ అర కాదు.

ఆ మధ్యాహ్నం లారీ యజమాని తరపు మనిషి కాగితాలు పట్టుకుని వచ్చాడు. డ్రైవరు భార్య కూడా వచ్చింది. దర్జీ పని చేసే సన్నపాటి మనిషి, చీర కొంగుకు గుచ్చిన సూది అలాగే ఉంది. దుకాణం ముందున్న బల్ల మీద అంచున కూర్చుంది.

"చక్రాలు చూసే పంపారు కదా?" అన్నాడు ఆ మనిషి.

"చూసే పంపాం," అన్నాడు తమ్ముడు.

"నట్లు?"

"నా కూతురే బిగించింది. యాభై కిలోమీటర్ల దగ్గర మళ్ళీ బిగించింది."

"అయితే మలుపులో వేగంగా తిప్పి ఉంటాడు. డ్రైవరు తప్పిదం అని రాస్తాను."

డ్రైవరు భార్య తల ఎత్తింది. "ఆయన వేగంగా నడపడు," అంది. ఆ మనిషికి వినపడినట్టు లేదు, రాసుకుంటున్నాడు.

సుద్దక్క లోపలి నుంచి అడుగు వేయబోయింది. తమ్ముడు అడ్డం వచ్చి, చెవిలో అన్నాడు. "అక్కా, ఆగు. పడ్డ దెబ్బకు వంగిందో, ముందే వంగిందో ఎవడు చెప్పగలడు? పోయినవాడు ఎలాగూ పోయాడు. వాడికి ఇంక ఏ నిందైనా ఒకటే. మనకు ఈ దుకాణం తప్ప ఇంకేముంది?"

మెట్ల మీద మరదలు నిలబడి ఉంది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఆమె గొంతు మెత్తబడింది. "వదినా, లోపలికి రా. నేను ఏమీ అనను. ఎప్పటికీ అనను."

ఎప్పటికీ అననంటోంది. పీటకు బదులు జాలి. సుద్దక్కకు ఒళ్ళు భగ్గుమంది. ఆ మంటే ఆమెను నాలుగడుగులు నడిపించింది, మంచితనం నడిపించిందని ఎవరైనా అంటే నమ్మక్కర్లేదు. తమ్ముడిని భుజంతో తోసి వెళ్ళి బల్ల ముందు నిలబడింది.

"కొట్టెయ్యి ఆ మాట," అంది ఆ మనిషితో. "వేగం లేదు. చక్రానికి నాలుగు ఔటు ఉంది. ఒకటిన్నర దాటితే ఆ ఊపుకు నట్లు వదులవుతాయి, బండికి ఎక్కకూడదు. నేను అర అని వేశాను. నా చెయ్యి వణుకుతుంది, ఆ సంగతి దాచాను. తెలిశాక కూడా గంటసేపు నోరు మూసుకుని కూర్చున్నాను. అలాగే రాయి."

ఆ మనిషి తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు నేల వైపు చూశాడు.

డ్రైవరు భార్య లేచి దగ్గరికి వచ్చింది. "నాలుగంటే?"

"నాలుగు మిల్లీమీటర్లమ్మా."

ఆమె బొటనవేలూ చూపుడువేలూ ఎడం చేసి, సందు చూపించింది. కుట్టుపని చేసే వేళ్ళు, కొలత సరిగ్గానే పెట్టాయి. "ఇంతా?"

"అంతే."

ఆమె ఆ సందులోకి చూసింది. "ఇంత తేడా వస్తే జాకెట్టుకు నేను కుట్టు విప్పి మళ్ళీ వేస్తానక్కా," అంది. తిట్టలేదు, శాపం పెట్టలేదు. ఆ మనిషి రాసింది చదివించుకుని, వేగం అన్న మాట కొట్టేసి ఉందని చూసుకుని, వెళ్ళిపోయింది.

దుకాణం మూతపడలేదు గానీ సగానికి సగం పడిపోయింది. వచ్చేవాళ్ళు పిల్లను చూసి వస్తున్నారు. తమ్ముడు అక్కతో అవసరమైన మాటలే మాట్లాడతాడు. అవసరాలు తక్కువే.

అసలు తలనొప్పి అక్కడితో పోలేదు. ఎప్పటి నుంచి అని తమ్ముడు అడిగిన మాటకు జవాబు నిజంగానే ఎవరికీ తెలియదు. చెంచా కొట్టుకున్న చలికాలం నుంచి లెక్క వేసుకుంటే, ఆమె అంకెతో బయటికి పోయిన లారీలు, ఆ పడిపోయినది కాక, పదకొండు. రాయడం సరిగా రాదు, కానీ ఏ చక్రానికి ఏం వేసిందో, ఏ డ్రైవరు ఏ జోకు వేశాడో అన్నీ గుర్తు. ఆమె ఒక్కొక్కటే చెబుతుంటే పిల్ల రాసుకుంది. ఫోన్లు చేశారు. మనుషుల చేత కబుర్లు పంపారు. ఒకటొకటిగా తొమ్మిది వచ్చాయి. పిల్ల గేజి పెట్టి అంకెలు పైకి చదువుతుంటే, సుద్దక్క గోడకు ఆనుకుని నిలబడి అన్నీ వింది. ఎవరూ ఆమెను కూర్చోమనలేదు. మూడు లారీలకు ఒకటిన్నర దాటింది. ఆ చక్రాలను కోసి మళ్ళీ అతికారు.

పదోదాన్ని యజమాని దూరదేశంలో ఎవరికో అమ్మేశాడట, కొన్నవాడి జాడ లేదు. పదకొండోది దొరకలేదు. డ్రైవరు మారాడు, కొత్తవాడు ఫోను ఎత్తడు.

అందుకని ఇప్పుడు ఆమె రోజూ పొద్దున ఊరి బయట లారీలు తూకం వేసే చోటికి నడిచి వెళ్తుంది. కొండల వైపు పోయే ప్రతి బండీ అక్కడ ఐదు నిమిషాలు ఆగాలి. వరస పొడుగునా నడుస్తూ, వంగి, చక్రాల లోపలికి తొంగి చూస్తుంది. కొత్త డ్రైవర్లు కొందరు పిచ్చిదనుకుంటారు.

మొన్న ఒకతను దిగి వచ్చాడు. "ఏం పోగొట్టుకున్నావు పెద్దమ్మా, నా బండి కింద వెతుకుతున్నావు?"

"పసుపు రంగు అంకె ఏమైనా ఉందా నీ చక్రాల్లో?"

"ఉంటే?"

"ఉంటే ఇంజను ఆపి, కిందకు దిగి, నా మాట వింటావు."

"లేకపోతే?"

"లేకపోతే అడ్డం తప్పుకుని దారి ఇవ్వు. వెనక ఇంకా పదహారు బళ్ళున్నాయి."

అతను నవ్వి పక్కకు జరిగాడు. సుద్దక్క వంగింది. ఆ బండికి లేదు. వెనకదానికీ లేదు.